కార్ల్ రెన్నరు - చెదరి యున్న భాషలవారి హక్కు

ఆస్ట్రియా దేశపు సోషల్ డెమోక్రాటు నాయకుడు కార్ల్ రెన్నరు 1870 డిసెంబరు 14వ తేదీన మొరేవియాలోని ఒక పల్లెలో, అధిక సంతానము గల పేద రైతు కుటుంబమున జన్మించెను. వియన్నాలో న్యాయశాస్త్రము చదివి పార్లమెంటు గ్రంథాలయమున ఉద్యోగి యయ్యెను. ప్రభుత్వోద్యోగి యగుటచే రాజకీయ గ్రంథములను మారుపేర్లతో ప్రకటించెను.

ఆనాటి ఆస్ట్రియా సామ్రాజ్యమున జర్మనులు, చెక్కులు, పోలులు మున్నగు పెక్కు భాషలవారు కలసి నివసించుచుండిరి. సరిహద్దు ఎట్లు గీసినను ఎవరో కొందరు అవతలి పక్కన మిగిలిపోవుదురు. మనవంటివారికి ఈ చిక్కు విడమరచి చెప్పనక్కరలేదు. 1899లో రెన్నరు చూపిన ఉపాయ మిది: మతమువలె భాషాజాతిని గూడ వ్యక్తికి చెందినదిగా నెంచవలెను; ప్రతివాడును తన జాతి పట్టికలో పేరు వ్రాయించుకొనవలెను; ఆ జాతిసంఘమే తన పాఠశాలలను నడుపుకొనవలెను. నివాస మెక్కడైనను హక్కు వెంట వచ్చును.

1905లో మొరేవియాలో కుదిరిన ఒడంబడికచే ఇట్టి పట్టికలును, చెక్కులకు జర్మనులకు వేరువేరు పాఠశాలా మండలులును ఏర్పడెను. అయితే తగవులు తీరలేదు. బడిభాష నెరిగిన బిడ్డనే చేర్చుకొనవలెనను నియమము పెట్టగా, అది తలిదండ్రుల యిష్టముతో పలుచోట్ల ఢీకొనెను.

1918లో సామ్రాజ్యము కూలగా రెన్నరు రిపబ్లికు తొలి ఛాన్సలరయ్యెను. 1938లో హిట్లరు ఆస్ట్రియాను కలుపుకొన్నపుడు తాను అనుకూలముగా ఓటు వేయుదునని పత్రికాముఖమున ప్రకటించెను. జాతుల హక్కులకై గ్రంథములు వ్రాసినవా డట్లు పలుకుట మాయని మచ్చ. పిల్లలకు ఈ భాగమును దాచి చెప్పరాదు. 1945 ఏప్రిలులో తాత్కాలిక ప్రభుత్వమును నెలకొల్పి, ఆ డిసెంబరున అధ్యక్షుడై, 1950 డిసెంబరు 31న ఆ పదవిలోనే మరణించెను.