కారు ఛార్జింగ్‌తో కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

ప్రశ్న: రోజూ ఉద్యోగానికి చోడవరం నుంచి అనకాపల్లి వెళ్లొస్తాను. ఎలక్ట్రిక్ కారు కొని ఇంట్లోనే ఛార్జింగ్ పెట్టుకుంటే బిల్లు తడిసి మోపెడవుతుందా?
– ఒక పాఠకుడు, చోడవరం

జవాబు: అంత భయం అక్కర్లేదండి. అయితే యూనిట్‌కి సగటున ఇంత అని లెక్క వేసుకోకండి. కారు వాడే యూనిట్లు మీ ఇంటి వాడకం మీద పడతాయి కాబట్టి పై శ్లాబు ధరే వర్తిస్తుంది. ఈపీడీసీఎల్ గృహ టారిఫ్‌లో 126 నుంచి 225 వరకు యూనిట్ 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆపైన 9.75.

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగారనుకుందాం. టియాగో ఈవీ వంటి చిన్న కారుకు, ఛార్జింగ్‌లో పోయేది కలుపుకుని, సుమారు 143 యూనిట్లు కావాలి. ఇంటి వాడకం 200 యూనిట్లయితే, మొదటి 25 యూనిట్లకు 150, మిగతా 118కి 1,032. వెరసి 1,180 పైచిలుకు. సర్దుబాటు ఛార్జీలు అదనం. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకైతే, లీటరు 110 లెక్కన, ఆరు వేలు దాటుతుంది. వేసవిలో ఏసీ వేస్తే మాత్రం 400 దాటేస్తారు, చూసుకోండి.

ఏసీకి వాడే 15 ఆంపియర్ల ప్లగ్గు చాలు, రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతుంది. కానీ దానికి మీటరు నుంచి విడిగా వైరు లాగించి, ఎర్తింగ్ పరీక్ష చేయించండి. పాత ఇళ్లలో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి అసలు వెళ్లొద్దు. మంజూరైన లోడు రెండు కిలోవాట్లే అయితే ముందే పెంచుకోండి.