చిన్న బాత్రూమ్ పని ఒప్పుకునే ముందు

"చిన్నదే గద మేస్త్రీ, నాలుగు రోజుల్ల అయిపోదా?" సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పాత ఇళ్ల పనులు చేసే ప్లంబర్లకు, టైల్స్ మేస్త్రీలకు ఈ మాట కొత్త కాదు. నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవున్న గదిని చూసి ఇంటివాళ్లు అలా అనుకోవడంలో తప్పు లేదు. మేస్త్రీ కూడా అలాగే అనుకుని నిలబడ్డచోటనే గుత్త రేటు చెప్పేస్తేనే చిక్కు. కొత్త ఇంట్లో పైపు ఎటు పోవాలో మనం చెప్తాం. పాత ఇంట్లో పైపు ఎటు పోయిందో పగలగొట్టేదాకా తెలియదు. అందుకే మొదటిరోజు టేపు, నోటుబుక్కు, టార్చిలైటు పట్టుకుని వెళ్లండి. రేటు మర్నాడు చెప్పండి.

ఆ మొదటిరోజు చూడాల్సింది గోడల మీది మరకలు ఒక్కటే కాదు. బయట ఛాంబర్ మూత తీయించి, లోపల రెండు బకెట్ల నీళ్లు పోయించండి. నీళ్లు ఎంతసేపట్లో వచ్చాయో, ఎంత వచ్చాయో అక్కడే తెలిసిపోతుంది. గోడ అవతలి గదిలో సున్నం పొట్టు రాలుతుంటే చెమ్మ ఎంత ఎత్తుకు ఎక్కిందో గుర్తు పెట్టుకోండి. పై అంతస్తు బాత్రూమ్ అయితే కింది పోర్షన్ వాళ్ల తలుపు తట్టి, వాళ్ల స్లాబు చూడనిదే అంచనా వేయొద్దు.

ఇక కొలతలు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం స్నానం, లెట్రిన్ కలిసి ఉన్న గది 2.8 చదరపు మీటర్లకు, అంటే సుమారు 30 చదరపు అడుగులకు తగ్గకూడదు. వెడల్పు కనీసం 1.2 మీటర్లు ఉండాలి. మనం చెప్పుకున్న 4×7 గది 28 చదరపు అడుగులే. గోడ జరిపే వీలు లేకపోతే చోటును తినే వస్తువులను బయటికి పంపాలి. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చినా, వాష్ బేసిన్‌ను వరండాలోకి తెచ్చినా మనిషి తిరగడానికి చోటు దొరుకుతుంది. ముసలివాళ్లున్న ఇంట్లో తలుపు బయటికి తెరుచుకోవడం మరీ అవసరం. లోపల పడిపోయినవాళ్లు తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తోయడం కుదరదు.

ఎక్కువ గొడవలు కమోడ్ దగ్గరే వస్తాయి. ఇండియన్ సీటు తీసి కమోడ్ పెట్టమంటారు, షాపులో నచ్చినది ముందే కొనేసి ఇంట్లో పెట్టుకుంటారు. దాని రంధ్రం గోడకు 9 అంగుళాల దూరంలో ఉందా, 12 అంగుళాలా, అసలు కిందికి దిగే ఎస్-ట్రాపా, గోడలోకి పోయే పీ-ట్రాపా అన్నది ఎవరూ చూడరు. కాబట్టి కమోడ్ కొనకముందే కొలత మీరు రాసివ్వండి. అదీ ఇప్పుడున్న గోడ నుంచి కాదు. కొత్త ప్లాస్టరింగు, టైలు వచ్చాక గోడ ఎక్కడిదాకా వస్తుందో లెక్కగట్టి, అక్కడి నుంచి పైపు నడిమధ్యకు కొలవాలి. పాత టైల్ మీదే కొత్త టైల్ అతికిస్తే ఆ మందం కూడా లెక్కలోకి వస్తుంది. కమోడ్ మధ్య నుంచి పక్క గోడకు 15 అంగుళాలుంటే కూర్చున్న మనిషి మోచేయి గోడకు తగలదు. కమోడ్ ముఖం ఏ దిక్కుకు ఉండాలన్న వాస్తు మాట కూడా ఈ దశలోనే తేల్చుకోండి. పైపు వేశాక ఇంటి పెద్దాయన వచ్చి తిప్పమంటే ఆ కూలి ఎవరిస్తారు?

వాటం సంగతి మేస్త్రీలకు చెప్పక్కర్లేదు గాని, చిన్న గదిలో దానికి ఎత్తు ఎక్కడి నుంచి తెస్తామన్నదే ప్రశ్న. అడుగుకు పావు అంగుళం చొప్పున ఏడడుగులకు దాదాపు రెండంగుళాలు కావాలి. నహాని ట్రాప్ తలుపు దగ్గర ఉంటే స్నానం నీళ్లన్నీ గది పొడవునా పారి గడప దగ్గరికే చేరతాయి. వీలైతే ట్రాప్‌ను స్నానం చేసే మూలకు మార్చండి. హాలు నేల కన్నా బాత్రూమ్ నేల కిందికే ఉండాలి. పాత బండల మీదే టైల్స్ వేసి ఎత్తు పెంచి, తర్వాత గడప కట్టి నీళ్లు ఆపుదామనుకోవడం తెలివైన పని కాదు.

మన ప్రాంతం నీళ్లను తల్చుకోకుండా సామాను రాయించకండి. ఉమ్మడి నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. కుళాయి మూతికి, గీజర్ రాడ్డుకు తెల్లగా పేరుకునేది మాత్రం ఫ్లోరైడ్ కాదు, కాల్షియం, మెగ్నీషియం లవణాలు. బోరు నీళ్లు వాడే ఇంట్లో గోడలో దాచే డైవర్టర్‌ను నేను సిఫారసు చేయను. లోపలి కార్ట్‌రిడ్జ్‌కు ఉప్పు పట్టి బిగుసుకుపోతే మొదట మీకే ఫోను వస్తుంది. ఆ సైజు స్పేర్ దొరక్కపోతే టైలు పగలగొట్టాలి. బయటికి కనిపించే వాల్ మిక్సర్ చూడ్డానికి పాతగా ఉన్నా పానాతో విప్పి కడుక్కోవచ్చు.

ప్రెషర్ కూడా అంతే. హోటల్‌లో చూసొచ్చిన పెద్ద రెయిన్ షవర్ కావాలంటారు. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. స్లాబు మీద చిన్న దిమ్మె కట్టి పెట్టిన ట్యాంకు షవర్ కన్నా ఐదడుగుల ఎత్తులో ఉంటే వచ్చేది 0.15 బార్. ఆ నీళ్లకు పెద్ద షవర్ చినుకులు రాలుస్తుంది, అంతే. ట్యాంకు ఎత్తు పెంచాలి, ప్రెషర్ పంపు పెట్టాలి, లేదంటే చిన్న షవర్‌తో సరిపెట్టుకోవాలి. ఈ లెక్క ముందే చెప్పిన ప్లంబర్‌ను ఎవరూ తిట్టరు. వేడినీళ్ల లైనుకు సీపీవీసీ పైపే వాడండి. దాని సొల్యూషన్ వేరు, యూపీవీసీ సొల్యూషన్ వేరు. గీజర్‌కు 16 ఆంపియర్ల పాయింటు, ఎర్తింగు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాల్సిందే. ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

పైపులు వేశాక ప్రెషర్ టెస్టు చేయాలి. ఆ తర్వాతే గాడులు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ మొదలుపెట్టాలి. రెండో కోటు మొదటిదానికి అడ్డంగా వేయండి. నేలతో ఆపకుండా గోడకు అడుగు ఎత్తు దాకా, షవర్ కిందైతే తల ఎత్తు దాకా పోవాలి. అది ఆరాక ట్రాప్ మూసి, నీళ్లు నిలిపి, కనీసం 24 గంటలు వదలండి. 48 అయితే ఇంకా మంచిది. ఆ రెండు రోజులు పని ఆగినట్టు కనిపిస్తుంది, ఇంటివాళ్లు తొందరపెడతారు. ఎంత ఒత్తిడి ఉన్నా ఇక్కడ లొంగకూడదు. టైల్స్ అన్నీ వేశాక కారితే పోయేది మీ గుత్త డబ్బే.

టైల్స్ గురించి ఎక్కువ చెప్పను. 4×7 గదికి నేల 28, ఏడడుగుల ఎత్తు గోడలు 154, అందులో తలుపు పోగా దాదాపు 136 చదరపు అడుగులు. పది శాతం కోతలకు కలిపితే 181. కోదాడ నుంచి విజయవాడకో, సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కో వెళ్లి కొనేవాళ్లకు ఒకే బ్యాచ్ నంబరు పెట్టెలు తీసుకోమని మరీమరీ చెప్పండి. రెండు టైళ్లు తక్కువపడి మళ్లీ వెళ్తే అదే రంగు దొరకదు. నేలకు నున్నటి టైలు తెస్తే వేయనని చెప్పే హక్కు మేస్త్రీకి ఉంది.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. పగలగొట్టాక బయటపడే కుళ్లిన పైపుకు వేరే రేటని, మట్టి ట్రాక్టరు ఖర్చు ఎవరిదని అందులో రాయండి. బయానా, పైపులయ్యాక ఒక భాగం, నీళ్ల టెస్టు చూపించాక ఒక భాగం, చివరిది ఫిట్టింగులయ్యాక. ఇంట్లో ఉన్నది ఒక్క బాత్రూమే అయితే పది రోజులు వాళ్లు ఎక్కడికి వెళ్తారో మీరే అడగండి. పిల్లల పరీక్షల్లో, పెళ్లి ముందు వారంలో పని పెట్టుకోకండి. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు మొదలైతే హెల్పర్లు దొరకడం కూడా కష్టమే.

చివరగా మీ ఒంటి సంగతి. మూసిన చిన్న గదిలో గ్రైండర్‌తో టైలు కోస్తే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. కోత బయట పెట్టుకోండి, నీళ్లు పోస్తూ కోయండి, ముక్కుకు రుమాలు కాకుండా మంచి మాస్కు కట్టండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, టైల్స్ పనివాళ్లు కూడా అర్హులే. తాపీ మేస్త్రీలకు 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కూడా వర్తిస్తుంది. పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, మొదటి విడతగా లక్ష రూపాయల వరకు 5 శాతం వడ్డీకి అప్పు అందులో ఉన్నాయి. మీ దగ్గర పనిచేసే హెల్పర్లకు కూడా సంక్షేమ మండలి కార్డు ఉందో లేదో అడగండి, లేకపోతే ఒక పూట పని మానిపించైనా లేబర్ ఆఫీసుకు పంపండి.