చూపులేనివారును సాహసక్రీడలును



వామనగుంటల పీటను మీలో నెరుగనివారుండరు. ఒక్కొక్క ప్రక్కను ఏడు చొప్పున 14 గుంటలు, వానిలో చింతగింజలు. ఈ యాటను కన్నులు మూసికొనియు నాడవచ్చును. ఏ గుంటయం దెన్ని గింజలున్నవో వ్రేళ్లే తెలుపును. మన పెద్దలు దీనిని అంధులకొరకై కల్పింపలేదు. అయినను కంటికి మాత్రమే తెలియు సంగతి దీనియం దొక్కటియు లేదు గనుక వారికిని ఈ యాట తలుపు తెరచియే యున్నది. ఈ సూత్రమును మనసున నుంచుకొని, టెలివిజనుకు తగిలించి యాడెడు ఆటపెట్టెలలోని పాత సాహసక్రీడలను పరీక్షింతము.

సాహసక్రీడయం దొక వీరుడు గుహలను, అడవులను తిరుగుచు, తాళపుచెవులు వెదకుచు, మూసిన తలుపులు తెరచుచు పోవును. వానిని నడపువాడు ఆడువాడే. 1980లో అటారీ యంత్రమునకు వారెన్ రాబినెట్ రచించిన ‘అడ్వెంచర్’ ఈ జాతిలో తొలినాటిది. అందు వీరుడు ఒక చిన్న చతురస్రము మాత్రమే. ధ్వనులు మిక్కిలి కొలది. తానే గదియం దున్నాడో, తాళపుచెవి యెచ్చట పడియున్నదో చూచియే తెలిసికొనవలెను.

1986లో జపానునందు నింటెండోవారు ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ను వెలువరించిరి. ఇందు చెవికిని కొంత పని దొరకినది. వీరుని ప్రాణబలము తగ్గినప్పుడు కీచుమను హెచ్చరిక మ్రోగును. దాగియున్న ద్వారము తెరచుకొన్నచో చిన్న రాగము వినవచ్చును. ప్రక్కగదిలో పెనుభూతమున్నచో దాని గర్జన ముందుగనే వినబడును. కాని రెండు లోపములు మిగిలినవి. ధ్వని యంతయు ఒకే ధారగా వచ్చుటచే శత్రువు కుడివైపున నున్నాడో యెడమవైపున నున్నాడో చెవికి తెలియదు. గుహలోని వృద్ధుడు చెప్పు మాటలు అక్షరములుగా కనబడునే గాని పలుకబడవు.

1998లో నింటెండో 64 యంత్రమునకు వచ్చిన ‘ఒకరీనా ఆఫ్ టైమ్’నందు మొదటి లోపము చాలవరకు తీరినది. ధ్వని కుడియెడమలుగా విడిపోయెను. నేల మారినకొలది అడుగుల చప్పుడు మారెను. అమెరికాదేశపు అంధక్రీడాకారు డొకడు దాదాపు 5 సంవత్సరములు శ్రమించి, చెవులే ఆధారముగా దానిని 2016లో ముగించెను. గొలుసుకొక్కెమును విసరి, అది తగిలిన ధ్వనినిబట్టి గోడ యెంత దూరమున నున్నదో అతడు గ్రహించెడివాడట. చూపుగలవారు కొలదివారములలో ముగించు ఆట యది. అతని జయము అతని యోర్పునకు కీర్తి; ఆ యాటకు మాత్రము కాదు.

రెండవ లోపమునకు కారణ మేమి? కంప్యూటరుపై నున్న వ్రాతను చదివి వినిపించు సాధనములు కలవు. 2006లో ఆస్ట్రేలియాలోని అంధయువకు డొకడు ఆరంభించిన ఎన్.వి.డి.ఏ. అట్టిది, ఉచితముగా లభించును, తెలుగును సైతము చదువును. కాని పాత ఆటపెట్టె తన యక్షరములను బొమ్మలవలె గీయును. అందు చదువు సాధనమునకు చోటు లేదు.

బుద్ధిపూర్వకముగా తలుపు తెరచినవారును కలరు. 1997లో జపానీయుడగు కెంజీ ఎనో సేగా శాటర్న్ యంత్రమునకు బొమ్మయే లేక ధ్వనితో మాత్రమే నడచు ‘రియల్ సౌండ్’ అను కథాక్రీడను రూపొందించెను. 2020లో వెలువడిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’నందు 60కి పైబడిన సదుపాయములు కలవు, వ్రాత పలుకబడును, దారి ధ్వనిచే తెలియును. ఆ కథ హింసతో నిండినది, బాలురకు తగదు. అందలి యేర్పాటు మాత్రము నేర్వదగినది.

ఇది విదేశముల సంగతి యనుకొనవలదు. అంధుల క్రికెట్టునందు బంతిలో గుండ్లుండి గలగలలాడును. బంతి విసరువాడు ‘ప్లే’ యని పలికి విసరవలెను. గుంటూరుసీమవాడగు అజయకుమార రెడ్డి నాయకత్వమున మన దేశపు జట్టు 2017లో బెంగుళూరునందు 20 ఓవర్ల ప్రపంచకప్పును గెలిచెను. ఆట క్రికెట్టే, సంగతి తెలుపు త్రోవ మాత్రము మారినది.

ఇక నా తప్పు నొకదానిని చెప్పుకొందును. సుమారు 30 ఏండ్ల క్రిందట సూళ్లూరుపేటలో మా బంధువులయింట ఆటపెట్టె యొకటి యుండెడిది. పొరుగింటి చూపులేని బాలుడు మా వెనుక కూర్చుండి, ధ్వని వచ్చినప్పుడెల్ల “ఏమయిందిరా?” అని యడుగును. “ఉండరా, చెప్తాం” అనువారము; ఆటలో మునిగి చెప్పుట మరచువారము. నాణెము దొరకిన ధ్వని యేదో, శత్రువు చచ్చిన ధ్వని యేదో, గుంటలో పడిన ధ్వని యేదో వాడు మాకంటె ముందే విడదీసి చెప్పెను. అయినను ఆడుపిడిని వాని చేతికి ఒక్కసారియు నీయలేదు. “వాడికేం కనబడుతుంది?” అనుకొంటిమి. యంత్రమున లోపమున్న మాట నిజమే. ఆ దినము అంతకు మించిన లోపము మాయందే యుండెను.

ఉపాధ్యాయుడనైన పిదప ఈ పాఠము నాకు బడిలో ఉపకరించినది. నల్లబల్లపై వ్రాయునది నోటితో పలుకుచు వ్రాయుదును. “ఇది చూడుడు” అనుటకు మారుగా, ఏది యెచ్చట నున్నదో చెప్పుదును. అందువలన చూపుగల బాలురకును పాఠము మరింత స్పష్టమైనది.

మన దొరవారిసత్రమునకు చేరువనే నేలపట్టు పక్షులతావు కలదు. ఈ సారి అచ్చటికి పోవునప్పుడు చూపులేని చెలికాని నొకని వెంటబెట్టుకొని పొండు. గూడబాతు ఏ చెట్టుపై వ్రాలినదో, ముక్కు ఎంత పొడవో, పిల్లలకు మేత ఎట్లు పెట్టుచున్నదో చెప్పుడు. వాడు “ఏమైన”దని యడుగకముందే చెప్పుడు.