కుక్క కనబడితే చంకెక్కే పిల్లాడు

చెల్లెమ్మా, వీధి మలుపులో కుక్క కనబడితే చాలు మీవాడు చంకెక్కేస్తున్నాడని, ఆ ఏడుపు చూడలేక బడికి చుట్టుదారిన తీసుకెళ్తున్నానని అన్నావు కదా. అయిదేళ్ల బిడ్డ వణికిపోతూ మెడ కరుచుకుంటే ఏ తల్లికైనా దారి మార్చాలనే అనిపిస్తుంది. కానీ అమ్మ కూడా తప్పుకుపోతోందంటే అది నిజంగా ప్రమాదమేనని వాడి లెక్క. తప్పించుకున్న ప్రతిసారీ అప్పటికి ప్రాణం కుదుటపడుతుంది, భయం మాత్రం ముదురుతుంది.

అలాగని ఎత్తుకెళ్లి కుక్క ముందు దించేయొద్దు. మగపిల్లాడివి, భయమేంట్రా అని మామయ్యలు చేసే పని అదే. వెక్కిరిస్తే వాడు భయాన్ని చెప్పుకోవడం మానేస్తాడు, అంతే.

న్యూయార్క్‌లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ 1924లో ఒక పిల్లాడి గురించి రాసింది. పీటర్ అని పేరు పెట్టింది. మూడేళ్లు నిండలేదు. కుందేలంటే హడలు. బొచ్చు కోటు, ఈకలు, దూది చూసినా అంతే. మొదట కుందేలుకు బెదరని పిల్లలతో కలిపి ఆడించింది, కాస్త తేరుకున్నాడు. ఇంతలో జ్వరమొచ్చి ఆస్పత్రిలో చేరాడు. అక్కణ్నుంచి వస్తుంటే పెద్ద కుక్క మీదికి దూకింది, కథ మళ్లీ మొదటికొచ్చింది. ఆవిడ వదల్లేదు. వాడికి ఇష్టమైనవి తినిపిస్తూ, తినడం ఆపనంత దూరంలో కుందేలు బోనుని పెట్టించి, కొంచెం కొంచెంగా దగ్గరికి జరిపించింది. చివరికి కుందేలు తన వేళ్లు కొరుకుతున్నా పీటర్ బెదరలేదు. మధ్యలో వెనక్కి జారడం ఉంది చూడు, నాకు అదే ధైర్యమిస్తుంది. మీవాడూ జారతాడు, కంగారు పడకు.

ముందు బొమ్మలు చూపించు, తర్వాత వీడియోలు, ఆపైన మేడమీంచి కట్టేసి ఉన్న కుక్క. ఇవాళ ఎంత దూరంలో నిలబడదామని వాడినే అడుగు. భయానికి పదికి ఎన్ని మార్కులేస్తావని అడుగు. ఆ మార్కులు తగ్గేదాకా అక్కడే ఉండండి. భయం మండుతుండగా వెనక్కొస్తే తప్పించుకోవడమే మేలని వాడికి అనిపించొచ్చు.

ఇంకో మాట. మన వీధికుక్కలు కుందేళ్లు కావు, కరుస్తాయి, రేబిస్ ప్రాణం తీస్తుంది. అందుకే ఏమీ చేయదులే అని మాటివ్వకు. పరుగెత్తొద్దని, తింటున్న కుక్క జోలికీ, పిల్లలున్న తల్లికుక్క జోలికీ పోవద్దని నేర్పు. కరిచినా గీరినా వెంటనే చెప్పమను. సబ్బుతో, ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, టీకాకి పరుగెత్తాలి. అన్నం తినకపోతే సూది వేయిస్తాను, కుక్కకి పట్టిస్తాను అనే బెదిరింపులు మీ ఇంట్లో ఉంటే ఇవాళే ఆపించమ్మా, అత్తగారికి కోపమొచ్చినా సరే. సూదికి జడిసిన పిల్లాడు గాటు దాచేస్తాడు. అది తలుచుకుంటేనే నాకు గుండె ఝల్లుమంటుంది.

నెలల తరబడి తగ్గకపోయినా, బడి, నిద్ర దెబ్బతింటున్నా పిల్లల మానసిక నిపుణులకి చూపించు. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

ఆదివారం మీ వీధిలో పెంపుడు కుక్క ఉన్నవాళ్లని కాసేపు గేటు లోపల కట్టేయమని అడుగు. వాడి చేతిలో జంతికలు పెట్టి, వాడు చెప్పినంత దూరంలో నిలబడండి. ఎన్ని మార్కులేశాడో నాకు రాయి.