ఆంగ్ల 'శాంక్షన్' క్రియ - సందర్భమును బట్టి అర్థనిర్ణయము

పరస్పర విరుద్ధములైన రెండర్థములను వహించు క్రియలు ఆంగ్లభాషలో కొన్ని కలవు. వానిలో 'శాంక్షన్' ఒకటి. ఒకచోట దీనికి 'మంజూరు చేయు' అని అర్థము. వేఱొకచోట 'దండించు, ఆంక్ష విధించు' అని అర్థము. అనువాదకుడు ఏమఱినచో వరము శాపమగును, శాపము వరమగును.

తెలుగువారికి ఈ పదము క్రొత్తది కాదు. పంటఋణము, పింఛను, వంతెన, ఉద్యోగము - అన్నియు 'శాంక్షన్' కావలసినవే. అయితే తెలుగులో స్థిరపడిన ఈ మాటకు మంజూరు అను నొక్క అర్థమే కలదు. ఆ పరిచయముతోనే విద్యార్థి ఆంగ్లవాక్యమును చదువుటచే చిక్కు కలుగుచున్నది. 1998 మే నెలలో పోఖ్రాన్ అణుపరీక్షలు జరిగిన పిదప అమెరికా భారతదేశముపై విధించిన 'శాంక్షన్లు' ఆంక్షలే గాని మంజూరులు కావు.

ఈ రెండర్థములకు మూలమొక్కటే. లాటిన్ భాషలోని మూలక్రియకు 'పవిత్రమొనర్చు, ఉల్లంఘింపరానిదిగా విధించు' అని అర్థము. విధింపబడినది ఆమోదము పొందినది. దాని నుల్లంఘించిన వానికి దండన తప్పదు. మొదటి అంశమునుండి అనుమతి, రెండవ అంశమునుండి శిక్ష అను అర్థములు వెలువడినవి.

సంస్కృతమున 'శాస్' ధాతువు ఇట్టిదే. 'శిష్యుడు', 'శాసనము', 'శాస్తి' అను మూడును దానినుండి పుట్టినవే. రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టునకు నందంపూడి అగ్రహారము నిచ్చిన 1053 నాటి పత్రము శాసనమే. తప్పు చేసినవానికి జరుగునది శాస్తి. దానశాసనములందు దానమును చెప్పిన పిదప, దాని నపహరించువారికి కలుగు పాపఫలమును చెప్పుట ఆచారము. అనుగ్రహము, నిగ్రహము ఒకే రాగిరేకుపై నిలుచుట ఇందు గమనార్హము.

అనేకార్థపదములకు అర్థమును నిర్ణయించు సాధనములను భర్తృహరి వాక్యపదీయ ద్వితీయకాండమున పరిగణించెను. 'సైంధవము తెమ్ము' అనగా భోజనవేళ ఉప్పు, ప్రయాణవేళ గుఱ్ఱము అని గ్రహించుట ప్రకరణముచేతనే. ప్రకృతక్రియకు వానిలో మూడు మిక్కిలి ఉపకరించును.

మొదటిది పదాంతర సన్నిధి. కర్మ వ్యయము, పని, ఉద్యోగము అయినచో మంజూరు. దేశము, సంస్థ, వ్యక్తి అయినచో ప్రాయికముగా దండన.

రెండవది కాలము. కాటన్ ప్రతిపాదించిన ధవళేశ్వరము ఆనకట్టను ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు 1846లో 'శాంక్షన్' చేసిరి. 1847లో ప్రారంభమైన పని 1852లో ముగిసినది. ఈ క్రియకు దండనార్థము 20వ శతాబ్దమున వ్యాప్తమైనది గావున, ఆనాటి పత్రములందు దానిని శంకింప పనిలేదు.

మూడవది ప్రకరణము. అయితే ఇదియొక్కటే చాలదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టము 19వ విభాగమున, ప్రభుత్వోద్యోగిపై అభియోగము నడుపుటకు ముందుగా 'శాంక్షన్' కావలెనని కలదు. ప్రకరణము శిక్షకు సంబంధించినదైనను ఇచ్చట పదార్థము అనుమతియే. ఏలయన, అనుమతింపబడునది అభియోగము, ఉద్యోగి కాడు.

కావున నిఘంటువు అర్థములను చూపును గాని వానిలో నొకదానిని ఎన్నుకొనదు. ఎన్నిక వాక్యమునకు చెందినది. ప్రాచ్యకళాశాలలందు ఆంగ్లపాఠము చెప్పునపుడు, విద్యార్థి వ్యాకరణ, అలంకారశాస్త్రములందు నేర్చిన ఈ సాధనములనే ఆంగ్లవాక్యమునకు అన్వయింపజేసినచో, 'దేనిని శాంక్షన్ చేసిరి?' అను ప్రశ్న అతనికి ముందుగా తోచును. ఆ ప్రశ్నకు సమాధానము లభించినచో అర్థము చాలవఱకు తేలును.