దూరం భూమిది, కాలం గాలిది



రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని విమానవేగంతో భాగిస్తే ప్రయాణకాలం వస్తుందని భూగోళశాస్త్రం నేర్చుకొనేవారు తొలుత అనుకోవడం సహజమే గాని, ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లే ఎయిరిండియా విమానం 2016 అక్టోబరులో ఆ లెక్కను తలకిందులు చేసింది. అంతవరకు అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు ప్రయాణిస్తూ వచ్చిన ఆ విమానం పసిఫిక్ మార్గానికి మళ్లి సుమారు 15,300 కిలోమీటర్లు ఎగిరింది. దారి అంత పెరిగినా, దాదాపు 16 గంటల ప్రయాణం పద్నాలుగున్నర గంటలకు తగ్గింది.

ఇందుకు కారణం తెలియాలంటే ముందు దూరమంటే ఏమిటో స్పష్టం కావాలి. గోళం ఉపరితలంపై రెండు బిందువుల గుండా, గోళకేంద్రమే తన కేంద్రంగా గీసిన వృత్తాన్ని మహావృత్తం అంటారు. అందులో ఆ బిందువుల నడుమ ఉన్న చిన్న చాపమే వాటి మధ్య అతి దగ్గరి దారి. భూమి సగటు వ్యాసార్ధాన్ని 6,371 కిలోమీటర్లుగా తీసుకొని, ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల అక్షాంశ రేఖాంశాల నుండి ఈ చాపాన్ని గణిస్తే సుమారు 12,400 కిలోమీటర్లు వస్తుంది. ఆ దారి 75 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, అంటే ఆర్కిటిక్ ప్రాంతంలోకి పోతుందని గోడమీది పటం చూసినవారెవరూ ఊహించలేరు. చదునైన పటం కలిగించే భ్రమల్లో ఇది చాలా పెద్దది.

కాలాన్ని నిర్ణయించేది మాత్రం గాలి. చుట్టూ ఉన్న గాలితో పోల్చి కొలిచిన విమానవేగం గంటకు సుమారు 900 కిలోమీటర్లే అయినా, గోదావరి వాలున పోయే పడవకు ప్రవాహవేగం తోడైనట్లు, వెనుక నుండి వీచే గాలి దానికి తోడైతే నేలతో పోల్చి కొలిచిన వేగం పెరుగుతుంది. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పుకు సాగే ఇరుకైన బలమైన గాలిప్రవాహాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. దాని వేగం కొన్ని వేళల గంటకు 200 కిలోమీటర్లు మించుతుంది. పసిఫిక్ దారిన ఈ గాలి వెనుక నుండి తోయడం వల్ల సగటున గంటకు 1,055 కిలోమీటర్ల వేగం దక్కగా, ఎదురుగాలి తప్పని అట్లాంటిక్ దారిన 870 మాత్రమే మిగిలింది. తిరుగు ప్రయాణం కూడా అట్లాంటిక్ మీదుగా తూర్పుకే సాగడంతో రాకపోకలు రెండూ కలిసి పూర్తి భూప్రదక్షిణ అయ్యాయి.

గడియారం విషయంలో మరొక జాగ్రత్త అవసరం. భారత కాలం శాన్‌ఫ్రాన్సిస్కో ఉన్న కాలిఫోర్నియా కాలం కంటె వేసవిలో పన్నెండున్నర, శీతాకాలంలో పదమూడున్నర గంటలు ముందుంటుంది కనుక, అక్టోబరులో ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి పద్నాలుగున్నర గంటలు ఎగిరే విమానం శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే తేదీ ఉదయం 6 గంటలకు దిగుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలోని పిల్లల దగ్గరకు వెళ్లే తెలుగు తల్లిదండ్రులు టికెట్టు మీది వేళలు చూసి తికమకపడేది ఇందువల్లనే.

విద్యార్థి ఇప్పుడు గ్లోబు మీద ఈ రెండు నగరాలను బిగువైన దారంతో కలిపి చూసి, ఆపై శంషాబాద్ నుండి లండన్‌కు దూరాన్ని స్వయంగా గణించి, వెళ్లడానికీ తిరిగి రావడానికీ పట్టే కాలాలలో ఏది ఎక్కువో కారణంతో సహా రాసి పంపాలి.