అంగడి పలకల మీది అక్షరములు

కృష్ణా జిల్లాకు ముఖ్యపట్టణమైన మచిలీపట్టణమునకు బందరు అని వేరొక పేరు కలదు. బందరు అనగా పారసీక భాషలో ఓడరేవు. ఆంగ్లేయులు 1611వ సంవత్సరమున ఇచట తమ వర్తకశాలను నెలకొల్పిరి. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీన సముద్రము పొంగి ఊరిపై బడగా వేలకొలది జనులు మృతినొందిరి. ఇట్టి సంగతులు చరిత్ర గ్రంథములలో దొరకును. ఏ గ్రంథమునను దొరకని సంగతులు కొన్ని కోనేరు సెంటరు చుట్టునుగల బజారులలో, అంగళ్ల మీది పలకలపై కానవచ్చును. వానిని చదువుటకు పైసా ఖర్చులేదు. తలయెత్తి చూచిన చాలును.

మొదట ఊరి పేరే వింతగా నుండును. రైలు స్టేషనులో పసుపుపచ్చని పలకపై నల్లని అక్షరములతో మూడు భాషలలో మచిలీపట్నమని వ్రాసి యుందురు. మిఠాయి దుకాణములపై మాత్రము బందరు లడ్డు, బందరు హల్వా అని యుండును. పిండిని రోట తొక్కి, అనగా దంచి చేయుటచే ఆ లడ్డునే తొక్కుడు లడ్డు అనియు వ్రాయుదురు. దొరతనమువారి కాగితములలో ఒక పేరు, తినువారి నోట ఒక పేరు నిలిచినవి.

పాత పలకలలోని మాటలు ఇంతకంటె రుచిగా నుండును. జవుళి దుకాణము, కిరాణా మర్చంటు, కాఫీ హోటలు అనునవి అందరెరిగినవే. మిలిటరీ హోటలు అని యుండినచో అచట సిపాయిలుందురని తలపరాదు. మాంసాహారము దొరకునని దాని అర్థము. వెనుకటి వ్రాతగాండ్రు స్టోర్సు, బ్రదర్సు అని మాట తుదిని ఉకారము చేర్చి వ్రాయుచుండిరి. తెలుగు అజంతభాష. పరభాషా పదము మన వీధిలోనికి వచ్చినప్పుడు చివర అచ్చును తగిలించుకొని వచ్చెడిది. నేటి పలకలపై అవి స్టోర్స్, బ్రదర్స్ అని పొల్లుతో ముగియుచున్నవి. ఇది చిన్న మార్పే యైనను నాలుక తిరుగు తీరు మారినదని తెలుపుచున్నది.

అన్ని పాత పలకలను మెచ్చుకొనవలసిన పనిలేదు. ఒకప్పుడు ఆంధ్రదేశపు పట్టణములలో బ్రాహ్మణ భోజన హోటలు అను పలకలు తరచుగా నుండెడివి. వండువారెవరో చెప్పు మిషతో, లోపలికి రాదగినవారెవరో కూడ అవి చెప్పుచుండెను. 1950వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగమునందలి 15వ అధికరణము దుకాణములలోను, భోజనశాలలలోను కులమునుబట్టి యెవరిని అడ్డగింపరాదని శాసించినది. అట్టి పలకలు పోవుట మేలే.

ఇక పలక వ్రాయువాని పనితనము. కొయ్యచట్రమునకు రేకు బిగించి, తుప్పు పట్టకుండ ఎర్రని పూత వేసి, అది ఆరినపిదప రంగు పూయుదురు. సుద్దపొడి రాచిన నూలుదారమును ఈ కొననుండి ఆ కొనకు లాగిపట్టి, నడుమ వ్రేలితో మీటినచో తిన్నని గీత పడును. ఇంగ్లీషు పెద్దబడి అక్షరములకు అట్టి గీతలు రెండు చాలును. తెలుగునకు చాలవు. అక్షరమునకు పైన గుడికిని, క్రింద వత్తునకును చోటు వదలవలెను. వస్త్రాలయము అను మాటలో సకారము క్రింద తవత్తు, రవత్తు రెండును దిగును. ఆ చోటు ముందుగా లెక్కకట్టనివాడు చివరి వరుసకు వచ్చుసరికి పలక అంచు తగిలి చిక్కుపడును.

శ్రీకారము లేని పాత పలక అరుదు. శకారము, దాని పై గుడిదీర్ఘము, క్రిందనుండి ఎడమకు చుట్టుకొని వచ్చు రవత్తు, ఈ మూడును ఒక్క అక్షరములో ఇముడవలెను. నేర్పరియైన పెయింటరు తన చేతి వాటమంతయు ఆ మొదటి అక్షరములోనే చూపును. పిమ్మట కుడివైపునను, క్రిందను వేరొక రంగుతో నీడ దిద్దగా అక్షరము రేకునుండి పైకి లేచినట్లు కనుపించును. పకారమునకు తలకట్టు విడిగా నుండవలెను. అది తగిలి మూసుకొనిపోయినచో వకారమగును. కుంచె ఒక్కవెంట్రుకవాసి జరిగినను పప్పులమ్మువాడు వవ్వులమ్మువాడగును!

అక్షరము చక్కనైనంతమాత్రమున వ్రాత ఒప్పు కాదు. భోజనము అనుచోట బోజనము అనియు, వేంకటేశ్వర అనుచోట వెంకటేశ్వర అనియు వ్రాసినవి అనేకము. యజమాని చీటిపై వ్రాసి యిచ్చినది పెయింటరు వ్రాయును. పెయింటరు వ్రాసినది బడికిపోవు పిల్లలు ఏండ్ల తరబడి చదువుదురు. పుస్తకములోని తప్పు మరుముద్రణలో సవరింపబడును. పలక మీది తప్పు రేకు తుప్పుపట్టువరకు నిలుచును. వ్రాయించుటకు ముందు తెలిసినవారిని అడుగుటకు నిమిషము పట్టదు. అయినను అడుగువారు కొలదిమందియే.

పలకలు మారుటలో వ్యాపారపు చరిత్రయు కలదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923వ సంవత్సరమున ఈ ఊరనే ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 2020వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన అది యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైనది. పుట్టిన ఊరిలో సయితము పాత పేరు దిగి క్రొత్త పేరు వచ్చినది. లెక్కల పుస్తకములు తెరచి చూడనివారికిని ఆ మార్పు తెలిపినది పలకయే.

నేడు రేకు పలకల స్థానమును ఫ్లెక్సీలు ఆక్రమించినవి. కంప్యూటరుపై అక్షరములు కూర్చి, యంత్రముపై అచ్చువేసి, కొలదిసేపటిలో చేతికిత్తురు. వెల తక్కువ, రంగులెక్కువ. తెలుగునకు మంచి ఫాంట్లు లేకపోలేదు. నరసాపురమున జన్మించిన చిత్రకారుడు బాపు (1933–2014) చేతివ్రాత ఫాంటుగా మారి పెండ్లి శుభలేఖలనుండి అంగడి పలకల వరకు వ్యాపించినది. చిక్కంతయు వాడుకలో నున్నది. ఉన్న చోటు నింపుటకై అక్షరమును అడ్డముగా సాగదీయుదురు. వరుసలు దగ్గర చేయగా పై వరుస వత్తులు క్రింది వరుస గుడులను ఢీకొనును. తెలుగు కూర్పు ఎరుగని సాఫ్ట్‌వేరులో వత్తు విడిపోయి, పుస్తకము అనుమాట సకారపొల్లుతో రెండు ముక్కలగును. సుద్దదారము మీటినవాడు ఈ తప్పు చేయడు. వాని కన్నే ఒప్పుకొనదు.

1988 నాటి దుకాణముల, సంస్థల చట్టము క్రింద ఏర్పడిన నియమములు పేరుపలక తెలుగులో నుండవలెననియు, ఇతర భాషలు వాడినచో అవి తెలుగునకు క్రింద నుండవలెననియు చెప్పుచున్నవి. నియమమును అక్షరాల పాటించుచు, చీమలవంటి తెలుగు అక్షరములను పైన నుంచి, బారెడు ఇంగ్లీషును క్రింద నిలుపువారును కలరు.

ఇంత మార్పులోను చెక్కుచెదరనిది గల్లాపెట్టె వెనుక వ్రేలాడు చిన్న అట్ట: నేడు నగదు, రేపు అరువు. దానికి ఫ్లెక్సీ అక్కరలేదు. సముద్రపు ఉప్పుగాలికి పైనున్న రేకు తినివేయబడి, దించవలసివచ్చినప్పుడు కొందరు వర్తకులు దానిని పారవేయరు. వెనుకకు త్రిప్పి కిటికీపై వానచూరుగా బిగింతురు. లోపల కూర్చున్నవారికి తాతనాటి పేరు, నీడ దిద్దిన శ్రీకారముతో సహా, తలపై కనుపించుచుండును.